మా రోజుల్లో కోటు అడిగి వేసుకునేవాళ్లు

ఫొటోగ్రఫీ క్లాసుల్లో ఇప్పుడు ‘థీమ్ పోర్ట్రెయిట్’ అని ఒక అసైన్‌మెంట్ ఇస్తున్నారు. ఒక అంశం అనుకోవాలి, దానికి తగిన మనుషుల్ని చూసుకోవాలి, వరసగా ఫొటోలు తీసి క్లాసులో పెట్టాలి. విజయవాడలో చదివే పిల్లలకి ఈ పని పడిందంటే సగంమంది బైకులెక్కి మా ఇబ్రహీంపట్నం వైపే వస్తారు. పవిత్ర సంగమం ఇక్కడే ఉంది. కొండపల్లి బొమ్మలవాళ్లు పక్కనే ఉన్నారు. ఖిల్లా ఉంది. థర్మల్ పొగగొట్టాలు ఎక్కడ నిలబడినా వెనకాల పడతాయి. రింగు కూడలి దగ్గర టీ తాగుతూ ఎవర్నో అడిగితే, పాత స్టూడియో మాస్టారు ఒకాయన ఉన్నాడని మా ఇల్లు చూపిస్తారు. వస్తారు, మర్యాదగా మాట్లాడతారు, చెప్పింది వింటారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్లకి ఎక్కించిన పద్ధతి మీద ఉంది.

వాళ్లు ముందుగా ఫోను తీసి చూపించేది ‘మూడ్ బోర్డు’. ఎక్కడెక్కడి బొమ్మలో ఏరి ఒకచోట చేరుస్తారు. ఏ రంగులు వాడాలి, ఏ చీర కట్టించాలి, పొగ ఎటునుంచి రావాలి, లాంతరు ఎక్కడ పెట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. బట్టలు అద్దెకి ఎక్కడ దొరుకుతాయో, డ్రోనుకి రోజుకి ఎంత అడుగుతారో కూడా కనుక్కుని వస్తారు. ఇంత శ్రమ పడ్డారు కదా, ఇంతకీ ఫొటో దిగేది ఎవరమ్మా అని అడుగుతాను. ‘‘ఇంకా అనుకోలేదు మాస్టారూ, ఇక్కడే ఎవరైనా దొరుకుతారేమోనని వచ్చాం.’’ దొరకడమేమిటి? మనిషి బొమ్మ తీద్దామని బయల్దేరి ఆ మనిషిని ఆఖర్న వెతుక్కోవడమేమిటి?

మా రోజుల్లో మనిషే ముందు వచ్చేవాడు. తనకేం కావాలో మనసులో పెట్టుకునే గుమ్మం ఎక్కేవాడు. థీమ్ అనే మాట మాకు తెలియదు గానీ ఆ పని మేం రోజూ చేశాం. తేడా అల్లా ఒకటే. ఆ థీమ్ మాది కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లది.

1979లో ఇక్కడి థర్మల్ స్టేషన్‌లో మొదటి యూనిట్ మొదలైంది. 210 మెగావాట్లది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి పెరుగుతూ వచ్చాయి. ఆ పనులకి శ్రీకాకుళం నుంచి, ఒంగోలు వైపు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఫిట్టర్లు, వెల్డర్లు, కూలీలు దిగారు. గేటు పాసుకి పాస్‌పోర్టు సైజు ఫొటో కావాలి. దానికోసం ఒకసారి వచ్చేవాడు. జీతం చేతికందిన తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చేవాడు, ఈసారి ఊళ్లో అమ్మకి పంపే ఫొటో కోసం. వారమంతా బొగ్గు దుమ్ములో పనిచేసిన మనిషి తలంటుకుని, నూనె రాసుకుని, దువ్వుకుని వచ్చి మెల్లిగా అడిగేవాడు: ‘‘కోటు ఉంటుందాండీ?’’

కోటు ఉండేది. స్టూడియో అన్నాక మేకుకి ఒక నల్ల కోటు తప్పకుండా వేలాడేది. ముడి ముందే వేసి ఎలాస్టిక్ కుట్టిన టై ఒకటి, పౌడరు డబ్బా, దువ్వెన, అద్దం. కోటు అందరికీ ఎలా సరిపోతుంది? బక్కవాడైతే వెనకవైపు క్లిప్పులు పెట్టి బిగించేవాళ్లం, లావుపాటివాడైతే బొత్తాలు వదిలేసి ఛాతీ దాకానే తీసేవాళ్లం. ఆ కోటులో అతను ఆఫీసరు అయిపోయాడని అమ్మ అనుకోదు. కొడుకు కుదురుకున్నాడని అనుకుంటుంది. అదే అతను చెప్పదలుచుకున్న మాట. ఇంకొకడు టెలిఫోను చెవిన పెట్టుకుని దిగుతానంటాడు. ఇంకొకడికి చేతిలో పుస్తకం ఉండాలి. తిరునాళ్లలో అయితే చెక్కతో చేసిన కారో విమానమో ఎక్కి దిగేవాళ్లు. ఇప్పటి చదువుకున్నవాళ్లు ఆ ఫొటోలు చూసి నవ్వుతున్నారు. నవ్వాల్సిందేమీ లేదు. ఆ మనిషి తన గురించి తాను చెప్పుకోవడానికి మా దగ్గరికి వచ్చాడు, మేం చెప్పనిచ్చాం.

పూలజడ సంగతి వేరే చెప్పాలి. పక్కాగా ప్లాన్ చేసుకుని తీసే ఫొటో అంటే ఏమిటో తెలియాలంటే ఇప్పటి క్లాసుల్లో దాన్ని ఒక పాఠంగా పెట్టాలని నా పట్టుదల.

వేసవి సెలవుల్లో మైలవరం వైపు నుంచి మల్లెమొగ్గలు దిగేవి. ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఆ ఏడు పూలజడ వేయాలని అనుకున్నారంటే పది రోజుల ముందు నుంచే హడావుడి. నగలు ఎవరివి అడగాలి, వడ్డాణం ఎవరింట్లో ఉంది, జడకుచ్చులు ఎవరిస్తారు. ఆ రోజు పొద్దున మొగ్గలు తెస్తారు. ఇంటి పెద్దావిడో, చేయి తిరిగిన పక్కింటావిడో కూర్చుని వాటిని వరసలుగా కుడుతుంది, మధ్యలో కనకాంబరాలు, మరువం. మధ్యాహ్నం దాటేసరికి జడ పూర్తి కావాలి. ఎందుకంటే మల్లె సాయంత్రానికి విచ్చుకోవడం మొదలెడుతుంది. విచ్చుకుంటే కుట్టిన వరస చెదిరిపోతుంది, ఫొటోలో తెల్లటి ముద్దలా పడుతుంది. అందుకని మూడు, నాలుగు గంటల మధ్య పిల్ల స్టూడియోలో ఉండాలి. ఆ సమయానికి నేను ఇంకే పనీ పెట్టుకునేవాణ్ని కాదు.

ఇక్కడి నుంచి నా పని. జడ వెనక ఉంటుంది, మొహం ముందు ఉంటుంది, రెండూ ఒకే ఫొటోలో రావాలి. అందుకే పాత స్టూడియోల్లో నిలువుటద్దం ఉండేది. పిల్లని దాని ముందు కొంచెం పక్కకి తిప్పి నిలబెట్టి, అద్దాన్ని ఓరగా జరిపితే, ఇటు మొహం, అటు అద్దంలో జడ పైనుంచి కుచ్చుల దాకా కనిపిస్తాయి. చెప్పినంత తేలిక కాదు. దీపం అద్దంలో పడకూడదు. నేను పడకూడదు. పిల్లని తీసుకొచ్చిన మేనత్త పడకూడదు. మా యాషికా కెమెరాలో పైనుంచి తొంగి చూస్తే గాజు మీద బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది. అద్దంలో ఒకసారి తిరగబడ్డ జడ అక్కడ మళ్లీ తిరగబడుతుంది. పైగా అద్దంలోని జడకీ, ముందున్న మొహానికీ ఫోకస్ దూరం ఒకటి కాదు. పిల్లకీ అద్దానికీ మధ్య ఎంత దూరముందో అద్దం వెనక కూడా అంత దూరం లెక్కేసుకోవాలి. అందుకని లెన్సు ఎపర్చర్ బాగా బిగించాలి, బిగిస్తే వెలుతురు చాలదు, 500 వాట్ల బల్బులు వేయాలి. ఆ వేడికి మొగ్గలు తొందరగా విచ్చుకుంటాయి, పిల్లకి చెమటలు పడతాయి. కాబట్టి దీపాలు ఆర్పి అన్నీ సర్దుకుని, ఆఖరి నిమిషంలో వేసి, ‘‘కదలకమ్మా’’ అని నొక్కాలి. అలా రెండు ఫ్రేములు. మూడోది అడిగితే ఇచ్చేవాళ్లం కాదు.

ఫిల్ము దగ్గర అలా చేయి బిగించక తప్పేది కాదు. 120 రోలులో ఆరు సెంటీమీటర్ల చదరం ఫ్రేములు 12 వస్తాయి. తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఆర్వో, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తయారుచేసిన ఇందు, ఏది దొరికితే అది. రోలు పెట్టగానే పని అయిపోయేది కాదు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. మే నెలలో మా దగ్గర తొట్టిలో నీళ్లే 30 దాటి ఉంటాయి. నీళ్లు వేడెక్కితే ఫిల్ము మీది జిలెటిన్ మెత్తబడి గోరు తగిలినా లేచి వస్తుంది. అందుకని ఐసు ముక్కలు తెప్పించి ట్రే చుట్టూ పెట్టి, కటిక చీకట్లో చెమటలు తుడుచుకుంటూ కడిగేవాళ్లం. తర్వాత హైపో, తర్వాత నీళ్లలో నానబెట్టడం, ఆరబెట్టడం. నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో కళ్ల కింద గుంటలు పూడ్చడం వేరే విద్య. ఒక్కో ఫ్రేము వెనక ఇంత చాకిరీ ఉంది కాబట్టి నొక్కేముందు ఎదుటి మనిషిని తేరిపార చూసేవాళ్లం. ఎడమ కన్ను కొంచెం చిన్నదా, మెడ ఎటు వాలుతుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడా. అవి గమనించాకే పటం.

ఇప్పుడు ఒక పిల్లాడు పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి వెయ్యి ఫొటోలు తీస్తున్నాడు. ఇంటికెళ్లి కంప్యూటర్లో వెతుక్కుంటాడట. చూడాల్సింది మనిషి ఎదురుగా ఉన్నప్పుడు కదా.

అసలు నాకు కడుపు మండిన సంగతికి వస్తాను. ఒక జట్టు పిల్లలు ‘అంతరించిపోతున్న చేతులు’ అని అంశం పెట్టుకుని వచ్చారు. కొండపల్లి బొమ్మల కాలనీలో నాకు తెలిసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ముందురోజే కబురు చేశాను. మేం వెళ్లేసరికి ఆయన గడ్డం గీయించుకుని, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, చాప మీద తన ఉలులు, ఆకురాళ్లు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. చూడగానే నా ప్రాణం లేచివచ్చింది. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. ఒకడు అన్నాడు: ‘‘తాతా, ఈ చొక్కా వద్దు. చిరిగిన బనీను ఏమైనా ఉంటే అది వేసుకోండి. సహజంగా ఉంటుంది.’’

ఆయన నా వైపు చూశాడు. ‘‘ఫొటోకి బాగుండాలి గదా బాబూ’’ అన్నాడు. అయినా చదువుకునే పిల్లలు అడిగారని చొక్కా విప్పి మడతపెట్టి పక్కన పెట్టాడు. మొహం మీద రంపపు పొట్టు చల్లారు. నవ్వొద్దన్నారు. ఒక పక్క నుంచి దీపం పెట్టి ముడతలన్నీ లోయల్లా కనపడేట్టు తీశారు. ఆ ఫొటోకి క్లాసులో మంచి మార్కులు వచ్చాయని తర్వాత తెలిసింది. ఆరిపోయే దీపమనో ఏదో పేరు పెట్టారు. ఆయన చేతినిండా పని ఉంది. దసరాకీ, సంక్రాంతికీ బొమ్మల కొలువులకి ఆర్డర్లు ఉన్నాయి, లేపాక్షి షాపులకి సరుకు వెళ్తుంది. ఆ కుటుంబాలకి కష్టాలు లేవని అనను. తెల్లపొణికి కర్ర దొరకడం కష్టమవుతోంది, పిల్లలు ఉద్యోగాల వైపు పోతున్నారు. కానీ ఆ కష్టం ఆయన చెప్పుకుంటే వినాలి. ఆయన్ని కూర్చోబెట్టి వీళ్లు చెప్పడమేమిటి? స్టూడియోకి వచ్చిన కూలీ కోటు అడిగితే ఇచ్చాం. ఇక్కడ సొంత చొక్కా తొడుక్కుని కూర్చున్న మనిషి చేత విప్పించారు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, దీనికి పాత చరిత్ర ఉంది. 1868 నుంచి 1875 దాకా ఇంగ్లీషువాళ్లు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అని ఎనిమిది సంపుటాలు వేశారు. మన దేశపు జాతుల్నీ, కులాల్నీ, వృత్తుల్నీ ఫొటోలుగా అందులో అతికించారు. అవీ వరసగా ఒక థీమ్‌తో తీసిన పోర్ట్రెయిట్లే. కానీ ఆ పుటల్లో మనిషి ఒక రకానికి నమూనా, అంతే. ఈ కులం ఇలా ఉంటుంది, ఈ తెగ గుణం ఇది అని పక్కన రాసుకున్నారు. ఎదుటివాడిని ముందే ఒక పెట్టెలో వేసుకుని ఆ పెట్టెకి సరిపడా బొమ్మ తీయడం అంటే అది.

అదే పనిని గౌరవంగా చేసినవాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు ఈ క్లాసుల్లో చెప్పకపోరు. జర్మనీలో ఆగస్ట్ సాండర్ తన దేశపు మనుషుల్ని వృత్తులవారీగా తీస్తూ జీవితమంతా గడిపాడు. 1914లో ఆయన తీసిన ముగ్గురు కుర్ర రైతుల ఫొటో ఉంది. పొలం దారిలో నిలబడి ఉంటారు, ఒంటి మీద సూట్లు, నెత్తిన టోపీలు, చేతిలో కర్రలు. డాన్సుకి పోతున్నారు. రైతులు కదా, నాగలి పట్టుకోండి, మట్టి పూసుకోండి అని ఆయన అనలేదు. వాళ్లు ఎలా కనపడాలనుకున్నారో అలా నిలబడనిచ్చాడు. మరోచోట మిఠాయి వంటవాడిని వంటగదిలో తెల్లకోటుతో, చేతిలో గిన్నెతో తీశాడు. అతని నిలబాటులో ఎంత దర్జా ఉందో చూడండి. 1929లో ఆయన పుస్తకం వచ్చింది, నాజీలకి ఆ మొహాలు నచ్చక 1936లో అచ్చు పలకలు ధ్వంసం చేశారు. మనుషులు తమలాగా తాము ఉంటే కొందరికి అంత బాధ.

ఇర్వింగ్ పెన్ అనే అమెరికా ఆయన 1950, 51లలో పారిస్, లండన్, న్యూయార్క్‌లలో చిన్న వృత్తులవాళ్లని తీశాడు. పనిబట్టలతో, పనిముట్లతో స్టూడియోకి రమ్మన్నాడు. పారిస్‌లో ఒక పాత నాటకాల తెర దొరికితే దాన్ని వెనక కట్టాడు. అందరికీ సాదా తెర, కిటికీ వెలుతురు. అన్నీ ఒకేలా ఉంచితే తేడా అంతా మనుషుల్లోనే కనపడుతుంది. వరసగా తీసే ఫొటోలకి ప్లానింగ్ అంటే అది, రంగుల పొగ కాదు. న్యూయార్క్‌లో కొందరు మాత్రం పనిబట్టలు ఇంట్లో వదిలేసి, గడ్డాలు గీసుకుని, ఆదివారం వేసుకునే సూట్లతో వచ్చారని ఆయనే రాసుకున్నాడు. కొండపల్లి పెద్దాయన ఇస్త్రీ చొక్కా నాకు వెంటనే గుర్తొచ్చింది. ఏ దేశమైనా ఫొటో దిగేటప్పుడు మనిషి అదే కోరుకుంటాడు.

అంతదూరం కూడా పోనక్కర్లేదు. పిల్లలు తలవంచి ఆ పెద్దాయన పక్కనున్న బల్లమీద చూసి ఉంటే సరిపోయేది. కొండపల్లి బొమ్మల్లో దశావతారాలు, అంబారీ ఏనుగులు ఒక వైపు. ఇంకో వైపు తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, దంచే ఆడవాళ్లు, ఎడ్లబండి, నీళ్లు మోసే మనిషి. పల్లెటూరిలో ఉన్న వృత్తులన్నీ వరసగా, ఒకే కొలతలో, ఒకే రకం కర్రలో. సాండర్ కెమెరా పట్టకముందు నుంచీ మా వైపు ఈ వరస ఉంది. తెల్లపొణికి కర్రని ఆరబెట్టి, సన్నటి సెగ మీద తేమ తీసి, చేతులు కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులేస్తారు. అందులో ఏ ఒక్క బొమ్మా దీనంగా ఉండదు. గీత కార్మికుడి మొహాన మీసం తీర్చి ఉంటుంది, దంచే ఆవిడ నుదుట బొట్టు ఉంటుంది, చీర రంగు నిండుగా ఉంటుంది. పనివాడిని పనివాడే చెక్కాడు కాబట్టి ఆ మర్యాద వచ్చింది. వృత్తుల మీద థీమ్ కావాలంటే ఇంతకంటే మంచి మూడ్ బోర్డు ఏ ఫోనులోనూ దొరకదు.

నన్ను అడిగితే ఆ రోజు పని ఇలా సాగాలి. మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లాలి. ఆ పెద్దాయన ఎప్పుడు చెక్కుతాడు, వాకిట్లోకి ఎండ ఎన్నింటికి వస్తుంది, పొట్టు గాల్లో లేచినప్పుడు వెలుతురు ఎటునుంచి తగులుతుంది, ఇవి చూసుకోవాలి. ఎలా దిగాలని ఉంది తాతగారూ అని అడగాలి. ఇస్త్రీ చొక్కాతో దిగుతానంటే ముందు అదే తీయాలి, బాగా తీయాలి. తర్వాత, పనిలో ఉన్నప్పుడు కూడా తీసుకోవచ్చా అని అడిగితే ఆయన కాదనడు. అప్పుడు ఒంటి మీద బనీను ఉంటే ఉంటుంది, అది ఆయన పనిబట్ట. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే చూసేవాళ్లకి ఒక మనిషి తెలుస్తాడు. ఫోను ముఖం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ఉబ్బుతుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగి, 85 మిల్లీమీటర్ల లెన్సు వాడండి. మోకాళ్ల మీద కూర్చుని ఆయన కంటి ఎత్తుకి దిగండి. కింద కూర్చున్న పెద్దమనిషిని నిలబడి పైనుంచి తీయడం మర్యాద కాదు.

సంగమం దగ్గర జరిగేదీ చెప్పాలి. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిశాయి, మరుసటి ఏడాది పుష్కరాలకి ఘాట్లు కట్టారు. మేం కుర్రాళ్లుగా ఉన్నప్పుడు అది ఫెర్రీ, పంటు కోసం జనం మూటలతో ఎదురుచూసే రేవు. ఇప్పుడు తెల్లవారకముందే పెళ్లి కాబోయే జంటలు, లైట్లు మోసే కుర్రాళ్లు, గౌన్ల అంచులు పట్టుకుని ఎగరేసేవాళ్లు. క్లాసు పిల్లలూ వాటిని చూసి అలాగే తీస్తున్నారు. పిల్ల ఎవరైనా, పిల్లాడు ఎవరైనా ఫొటో ఒకటే. మొహాలు మార్చి అతికించినా ఎవరికీ తెలియదు. పైగా నీళ్లలోకి దింపుతున్నారు, నాటు పడవల చివర నిలబెడుతున్నారు. 2017 నవంబరులో ఇక్కడే పడవ బోల్తా పడి ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రేవులో ఎదుటివాళ్లని మోకాలి లోతు దాటి దిగమనే హక్కు ఏ ఫొటోగ్రాఫరుకీ లేదు.

ఇక 2025 సెప్టెంబరులో వచ్చిన చీరల గొడవ. ఆడపిల్లలు తమ ఫొటో ఒకటి గూగుల్ జెమినిలో వేస్తే, పాతకాలపు షిఫాన్ చీర, చెవి పక్కన పువ్వు, సాయంకాలపు బంగారు ఎండ, అన్నీ అదే కట్టబెట్టి ఇచ్చింది. మా మనవరాలి వయసు పిల్లలు తెచ్చి చూపించారు. ఎంత బాగుందో చూడండి తాతగారూ అన్నారు. బాగానే ఉంది. కానీ ఆ చీర ఎవరూ కట్టుకోలేదు, ఆ ఎండ ఎవరి మీదా పడలేదు. పూలజడ ఫొటోలో పిల్ల మెడ నొప్పి పుట్టి మొహం కొంచెం చిట్లించి ఉంటుంది, అద్దంలో కుచ్చు కాస్త ఒంకరగా ఉంటుంది, ఆ మొగ్గలు కుట్టిన ఆవిడ పేరు ఇంట్లో అందరికీ తెలుసు. నాకు ఆ ఫొటో కావాలి.

ఈ కాలంలో మంచి లేదని నేను అనడం లేదు. అదే జట్టులో ఒక అమ్మాయి, మిగతావాళ్లు పెద్దాయన మొహం మీద పొట్టు చల్లుతుంటే, లోపలికి వెళ్లి ఆయన భార్యతో కబుర్లు చెబుతూ కూర్చుంది. ఆ ఇళ్లలో రంగులు వేసేది ఎక్కువగా ఆడవాళ్లే. గదిలో ఒక్క చిన్న కిటికీ. ఆ వెలుతురుకి మా ఫిల్ము ఏమీ పట్టేది కాదు. ఆ అమ్మాయి కెమెరాలో ఐఎస్‌ఓ 6400కి పెంచి, ఆవిడ ఏనుగు కన్ను దిద్దుతున్నప్పుడు తీసింది. మగవాడు కెమెరా పట్టుకుని లోపలికి వస్తే ఆవిడ లేచి నిలబడేది, పని ఆగిపోయేది. 1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేతికి అప్పగించాడు. ఆ అవసరం మా కాలం దాకా ఉంది, ఇప్పటికీ ఉంది. అలాంటి అమ్మాయిలు ఈ విద్యలోకి రావడం చూస్తే నాకు నిజంగా సంతోషం. తీశాక కెమెరా వెనక తెర తిప్పి ఆవిడకి చూపించింది. ఆవిడ చూసి, జుట్టు సర్దుకుని, మరొకటి తీయమంది. మాకు ఆ సౌకర్యం లేదు, మూడు రోజులాగితే గాని ఏం పడిందో తెలిసేది కాదు.

కానీ అక్కడితో ఆగిపోయింది. ఆ ఇంటికి ఒక్క ప్రింటు కూడా అందలేదు. ఇన్‌స్టాలో పెట్టాం, లింకు పంపిస్తామన్నారు. ఆ దంపతులు లింకులు ఎక్కడ చూస్తారు? మా దగ్గర ఫొటో దిగినవాడు కవరు పట్టుకుని వెళ్లేవాడు, అది వాళ్ల సొత్తు. నెగెటివ్ మాత్రం నంబరు రాసి మా దగ్గర ఉంచేవాళ్లం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ అంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక మనుషులు ముందు వెతుక్కున్నవాటిలో ఆల్బములు కూడా ఉన్నాయి. కొందరు అట్టలతో సహా ముద్దగా అతుక్కుపోయినవి నా దగ్గరికి తెచ్చారు. లాగొద్దని చెప్పి, చల్లటి మంచినీళ్లలో నానబెట్టి, జిలెటిన్ వదులయ్యాక ఒక్కొక్కటీ మెల్లిగా విడదీసి, బొమ్మ పైకి పెట్టి ఆరబెట్టాను. పాత నలుపు తెలుపు ప్రింట్లు చాలా వరకు దక్కాయి. ఇంట్లో ప్రింటరు మీద సిరాతో వేసుకున్నవాటిలో రంగు నీళ్లలో కలిసిపోయింది. ఫోనులోనే ఉంచుకున్నవాళ్లలో కొందరికి ఫోనుతో పాటే పోయాయి. ఒకావిడ పూలజడ ఫొటో దొరికింది, ఒక మూల బురద మరక తప్ప మొహం, జడ రెండూ చెక్కుచెదరలేదు. నాది కాదు, గవర్నరుపేటలో ఎవరో తీసింది. ఎవరు తీశారో గానీ అద్దం సరిగ్గా తిప్పాడు.

ఈ క్లాసులు నడిపేవాళ్లకి నేను చెప్పదలుచుకున్నది చెప్పేస్తాను. థీమ్ అసైన్‌మెంట్ ఇవ్వండి, మంచిదే. మనిషి పేరు, ఆయన ఎలా దిగాలనుకున్నాడో ఆయన మాటల్లోనే ముందు రాసి తెమ్మనండి, ఆ కాగితం చూశాకే కెమెరా ముట్టుకోనివ్వండి. ఒక్కో మనిషికి 12 ఫ్రేములే అని కట్టడి పెట్టండి, కార్డులో ఎన్ని వేలు పట్టినా సరే. ఎనిమిది పది సైజులో ప్రింటు వేయించి, వెనక తేదీ రాసి, ఆ ఇంట్లో ఇచ్చి రావాలి. ప్రింటు ముట్టిందని వాళ్లతో ఒక సంతకమో వేలిముద్రో వేయించుకుని తెచ్చిన తర్వాతే మార్కులు వేయండి. కొండపల్లిలో ఆ దంపతులకి బాకీ ఉన్న రెండు ప్రింట్లూ, ఒకటి ఆవిడ ఏనుగు కన్ను దిద్దుతున్నది, ఇంకొకటి ఇస్త్రీ చొక్కాతో ఆయన మళ్లీ కూర్చుంటే తీయబోయేది, ఈ దసరా లోపల నేనూ ఆ అమ్మాయీ కలిసి ఇచ్చి వస్తాం.